నడత మనది, దారి వాళ్ళది

మధ్యాహ్న భోజనం అయ్యి, పళ్ళేలు కడిగి బోర్లించాక, బడి వరండాలో మా పిల్లలు ఇల్లిల్లు ఆట మొదలుపెట్టేవారు. మక్తల్ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న తరగతులకు చదువు చెప్పినన్ని ఏళ్ళూ నేను ఆ ఆటను దగ్గరగా చూస్తూ వచ్చాను. అమ్మయిన పిల్ల ఇసుకతో బువ్వ వండుతుంది. నాయినైన పిల్లగాడు చేను నుంచి వస్తాడు. ఒక జట్టులో ఆ నాయిన వస్తూనే "నీళ్ళేవే?" అని గద్దిస్తాడు. ఇంకో జట్టులో నాయిన తానే చెంబు ముంచుకొని, "నువ్వు తిన్నవా?" అని అడుగుతాడు. వాళ్ళకు ఆరేళ్ళుంటాయి. ఈ మాటలు వాళ్ళకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఏ ఇంట్లో మాట మెత్తనో, ఏ ఇంట్లో గొంతు పెద్దదో, తల్లిదండ్రుల సమావేశం కంటే ముందు ఆ వరండాలోనే నాకు తెలిసేది.

ఉద్యోగ విరమణ తర్వాత మక్తల్‌లోనే ఉంటున్నాను. బజారులో, బస్టాండులో, పడమటి ఆంజనేయస్వామి గుడి దగ్గర నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఎదురవుతుంటారు. వాళ్ళే ఇప్పుడు తల్లులు, తండ్రులు. "మేడం, చెప్పిన మాట ఇంటలేడు" అంటారు. కాసేపాగి, "వాని లోకం వానిదే, మా లెక్క లేడు" అని కూడా అంటారు. మన మాట నిలవడం లేదన్నది ఒక బాధ, మన పోలిక రాలేదన్నది ఇంకో బాధ. రెండింటికీ నేను చెప్పే జవాబు ఒక్కటే. పిల్లలు మన నుంచి నడత తీసుకుంటారు, దారి మాత్రం తామే ఎంచుకుంటారు. నడత మన చేతిలో ఉన్న పని, దాని మీద శ్రద్ధ పెట్టాలి. దారి వాళ్ళ హక్కు, దానికి అడ్డుపడకూడదు. చాలా ఇళ్ళలో ఇది తలకిందులవుతోంది. నడత దగ్గర మాటలతో సరిపెట్టి, దారి దగ్గర పట్టు బిగిస్తున్నాం.

చూసింది చేస్తారు

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని మన పెద్దలు ఊరికే అనలేదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇదే సంగతిని పరీక్ష పెట్టి చూశారు. ఆ ఫలితాలు 1961లో అచ్చయ్యాయి. విశ్వవిద్యాలయం వాళ్ళ నర్సరీ బడిలోని 72 మంది చిన్నపిల్లల్ని ఆయన జట్లుగా విడదీశారు. ఒక జట్టు చూస్తుండగా ఒక పెద్ద మనిషి గాలి నింపిన పెద్ద బొమ్మను సుత్తితో కొట్టి, తన్ని, కోపంగా మాటలన్నారు. రెండో జట్టు చూస్తుండగా పెద్ద మనిషి ఆ బొమ్మ జోలికే పోకుండా నిమ్మళంగా తన పని చేసుకున్నారు. మూడో జట్టుకు ఎవరినీ చూపలేదు. తర్వాత పిల్లల్ని అటువంటి బొమ్మే ఉన్న గదిలోకి పంపారు. కొట్టడం చూసిన పిల్లల్లో చాలామంది కొట్టారు. కొట్టిన తీరు, అన్న మాటలు కూడా ఆ పెద్ద మనిషివే. నిమ్మళంగా ఉన్న మనిషిని చూసిన పిల్లల్లో ఆ దూకుడు ఎంతో తక్కువ. కొట్టమని ఆ పిల్లలతో ఎవరూ అనలేదు.

మన ఇళ్ళలో ఈ పరీక్ష పొద్దున లేచింది మొదలు జరుగుతూనే ఉంటుంది. మా ఆయన వ్యవసాయం చేస్తారు. పల్లి, కంది, కాలువ నీళ్ళు అందిన చోట వరి. కూలీలకు వారం కూలి శనివారం పొద్దు గూకకముందే చేతిలో పెడతారు. ఆ రోజుకు పైసలు అందకపోతే తెలిసిన దుకాణంలో బదులు తెచ్చి అయినా ఇస్తారు. "రేపు వాళ్ళు సంత చేసుకోవాలె గద" అంటారు. పిల్లలు గడప మీద కూర్చొని ఆ లెక్కలు చూసేవారు. నిజాయితీ గురించి ఆయన వాళ్ళకు ఒక్క పాఠం చెప్పిన గుర్తు నాకు లేదు. మా పెద్దవాడు హైదరాబాదులో కరెంటు పనుల కాంట్రాక్టులు చేస్తాడు. బిల్లు వచ్చినా రాకపోయినా తన దగ్గర పనిచేసే పిల్లలకు శనివారం కూలి ఆపడు. వాడికి వ్యవసాయం రాలేదు, శనివారం మాత్రం వచ్చింది.

ఇటువంటివి ప్రతి ఇంట్లో ఎన్నో ఉంటాయి. చెత్తబండి తోలే ఆయన్ను మనం ఏమని పిలుస్తున్నాం? ముసలి అత్తకు అన్నం పెట్టేటప్పుడు కంచం ఎలా పెడుతున్నాం? అప్పులాయన ఫోన్ చేస్తే "నాయిన ఇంట్ల లేడని చెప్పు" అని పిల్లవాడి చేతికే ఫోన్ ఇస్తున్నామా? వాడికి అబద్ధం తప్పని మర్నాడు ఎంత చెప్పినా, నిన్నటి పాఠమే వాడికి గట్టిగా పట్టి ఉంటుంది. తిన్న కంచం తండ్రి తానే తీసి కడిగితే కొడుకూ తీస్తాడు. బిడ్డ చేతికి చీపురు, కొడుకు చేతికి బ్యాటు ఇస్తే ఇద్దరూ ఆ పాఠం నేర్చుకుంటారు, ఎవరి పాఠం వాళ్ళు.

దెబ్బ కూడా పాఠమే. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఇంట్లో ఏ సెక్షనూ అడ్డు రాకపోవచ్చు. కానీ కొట్టించుకున్న పిల్లవాడు బలమున్నవాడు బలం లేనివాణ్ని కొట్టవచ్చని నేర్చుకుంటాడు. ఆ సాయంత్రమే చెల్లెలి మీద దాన్ని అమలు చేస్తాడు. గట్టిగా మందలించండి, ఆట ఆపించండి, చేసిన తప్పును వాడి చేతే దిద్దించండి. చేయి మాత్రం లేపకండి.

ఒక్క కడుపున పుట్టినా

ఇక రెండో మాట. నడత ఒకటే చూపించినా పిల్లలందరూ ఒక్కతీరుగా తయారుకారు. మా పెద్దవాడు ఎవరి చంకనైనా ఎక్కేవాడు. చిన్నమ్మాయి కొత్త మనుషులు వస్తే తలుపు చాటున నిలబడి, చాలాసేపు చూసి గానీ బయటికి వచ్చేది కాదు. "మాట రాదా ఏంది?" అని చుట్టాలు అడిగేవాళ్ళు. "చూస్తుంది, తర్వాత మాట్లాడుతుంది" అని చెప్పి నేను ఊరుకునేదాన్ని. బడిలో చేర్చినప్పుడు కూడా ముందు గడప దగ్గర నిలబడనిచ్చి, తనంతట తానే లోపలికి వచ్చేదాకా ఆగాం. ఇప్పుడు ఆమె మందుల దుకాణం నడుపుతోంది. ఇప్పటికీ తక్కువే మాట్లాడుతుంది. వచ్చిన ముసలివాళ్ళు చెప్పేదంతా పూర్తిగా వింటుంది కాబట్టి వాళ్ళు ఆమె కోసమే ఆగుతారు.

న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే వైద్య దంపతులు 1956లో పసిపిల్లల స్వభావాల మీద అధ్యయనం మొదలుపెట్టారు. 133 మందిని పసితనం నుంచి పెద్దవాళ్ళయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. నిద్ర, ఆకలి, కొత్త మనుషుల దగ్గరికి పోయే తీరు, ఏడుపు తీవ్రత, పట్టుదల వంటి లక్షణాలు మొదటి నెలల్లోనే ఒక్కో బిడ్డలో ఒక్కోలా ఉన్నాయని తేల్చారు. వారి లెక్క ప్రకారం సుమారు 40 శాతం పిల్లలు తేలికగా కలిసిపోయేవాళ్ళు. 10 శాతం మంది మంకు పిల్లలు. 15 శాతం మంది మెల్లగా అలవాటు పడేవాళ్ళు. మిగిలినవాళ్ళలో అన్నీ కలిసి ఉన్నాయి. అందులో తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవలసింది ఇంకోటి ఉంది. ఏ స్వభావమూ దానికదే చెడ్డది కాదు. బిడ్డ స్వభావానికీ ఇంటివాళ్ళు కోరేదానికీ పొసగితే బిడ్డ హాయిగా పెరుగుతుంది. పొసగకపోతే ఇబ్బందులు మొదలవుతాయి. మెల్లగా కదిలే బిడ్డను తొందరపెట్టే ఇల్లు, దూకే బిడ్డను కట్టేసే ఇల్లు, రెండూ పిల్లలను కష్టపెడతాయి.

వాలీబాల్ ఇంట్లో బ్యాడ్మింటన్

నడత ఇచ్చి దారి వదిలేయడం ఎలా ఉంటుందో చూడాలంటే పి.వి.సింధు ఇల్లు మన ముందే ఉంది. తండ్రి రమణ, తల్లి విజయ ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో రమణ ఉన్నారు. 2000లో అర్జున అవార్డు అందుకున్నారు. కూతురేమో పొడగరి. వాలీబాల్ నేర్పేవాళ్ళు ఇంట్లోనే ఇద్దరు. అయినా 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలవడం చూసిన ఆ పిల్ల ఎనిమిదేళ్ళ వయసులో రాకెట్ పట్టుకుంది. సికింద్రాబాద్ రైల్వే కోర్టుల్లో మెహబూబ్ అలీ దగ్గర మొదలుపెట్టి, తర్వాత గోపీచంద్ అకాడమీకి మారింది. ఆ రోజుల్లో సాధన కోసం ఆమె రోజూ 56 కిలోమీటర్లు ప్రయాణం చేసేదని పత్రికలు రాశాయి. 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం, 2019లో ప్రపంచ చాంపియన్‌షిప్, టోక్యోలో కాంస్యం ఆ తర్వాతి సంగతులు. తల్లిదండ్రుల ఆట ఆమెకు రాలేదు. ఆటగాళ్ళ బతుకు ఎలా ఉంటుందో మాత్రం ఆమె ఇంట్లోనే చూసింది. తెల్లవారకముందే లేవడం, ఓడిన మర్నాడు మళ్ళీ మైదానానికి పోవడం ఆటగాళ్ళ ఇంట్లో మామూలు సంగతులు.

ఇంటి విద్యనే పట్టుకున్నవాళ్ళు తమదంటూ ఏమీ లేనివాళ్ళని దీని అర్థం కాదు. మా నారాయణపేట జిల్లాలోనే దామరగిద్దకు చెందిన దాసరి కొండప్ప గారున్నారు. వెదురు, సొరకాయ బుర్ర, తీగలతో చేసే బుర్రవీణ వాయిస్తూ తెలుగులో, కన్నడంలో తత్వాలు పాడతారు. ఆ ఇంట్లో బుర్రవీణ పట్టిన మూడో తరం ఆయనది. 2024లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది. సరిహద్దు జిల్లా మాది, రెండు భాషలూ ఇక్కడి గాలిలోనే ఉంటాయి. అందుకే ఆయన పాటలో రెండూ వినిపిస్తాయి. తండ్రి దారిలో నడిచినా, తండ్రి దారి విడిచినా, బిడ్డ దాన్ని మనసారా పట్టుకుందా లేదా అన్నదే చూడాలి.

వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తి సంగతి నాకు ఇంకా దగ్గరగా తోస్తుంది. పుట్టుకతోనే మేధోపరమైన ఇబ్బందులున్న అమ్మాయి. తల్లిదండ్రులు కూలినాలి చేసుకునేవాళ్ళు. ఊళ్ళో వెక్కిరింతలు. అనాథాశ్రమంలో వదిలేయమని తల్లికి సలహాలు. వాళ్ళు ఆ మాట వినలేదు. బిడ్డను బిడ్డలాగే పెంచారు. బడిలో ఆమె పరుగు చూసినవాళ్ళు శిక్షణకు పంపారు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. పతకాలు రాకపోయినా ఆ తల్లిదండ్రులు చేసింది గొప్ప పనే. అందరూ లోపం చూసిన చోట వాళ్ళు తమ బిడ్డను చూశారు.

దూరాన ఉన్న నాయిన

"మేం ఇంట్ల ఉంటే గద మేడం, మమ్మల్ని చూసి నేర్చుకునేది" అని నాతో అన్న తల్లులున్నారు. పాలమూరు వలసలు తెలియనివాళ్ళకు ఆ మాట బరువు తెలియదు. గుంపు మేస్త్రీ వెంట ముంబయికి, పుణెకు, హైదరాబాదుకు పోయే దంపతులు పిల్లల్ని అవ్వ, తాతల దగ్గర వదిలిపోతారు. కాలువలొచ్చి కొంత తగ్గినా మా వైపు పల్లెల్లో అటువంటి ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

వాళ్ళకు నేనొక తండ్రి గురించి చెప్తుంటాను. పుణెలో సెంట్రింగు పని చేసేవాడు. ఆదివారం రాత్రి ఫోన్ చేసినప్పుడు మార్కులు అడిగేవాడు కాదు. ముందు తన వారం చెప్పేవాడు: ఎన్నో అంతస్తు స్లాబు పడింది, పక్కన పనిచేసే బీహారు మనిషి ఏం వండాడు, మేస్త్రీ లెక్క తప్పు రాస్తే తాను ఎట్లా అడిగాడు. తర్వాత "ఇగ నీ వారం జెప్పు" అనేవాడు. ఆ పిల్లవాడు సోమవారం బడికి వచ్చి నాతో కూడా అలాగే మాట్లాడేవాడు, జరిగింది జరిగినట్టు, వరుసగా. తరగతిలో సరిగా చెప్పుకోలేని పిల్లల తరఫున వాడే లేచి అడిగేవాడు. వాడికి కట్టడం పని మీద మనసు లేదు, బస్సు నడపాలని ఉండేది. తండ్రి "మంచిదే, ముందు టైరు మార్చుడు నేర్చుకో" అన్నాడట. వందల మైళ్ళ దూరం నుంచి కూడా ఆ తండ్రి నడతా నేర్పాడు, దారీ ఇచ్చాడు. వారానికొక ఫోనుతో ఆ పని అయ్యింది. ఇక ఇంట్లో మిగిలిన అవ్వాతాతల సంగతి. పిల్లలకు కనిపించే నడత వాళ్ళదే కాబట్టి బడి సమావేశాలకు వాళ్ళను కూడా పిలిచి, వాళ్ళ మాటకు విలువ ఇవ్వాలి.

పోల్చడం మానుకుందాం

వ్యక్తిత్వాన్ని అన్నిటికంటే ఎక్కువ అణిచేది పోలిక. "మీ మామ కొడుకును చూసి నేర్చుకో" అన్న మాట ప్రోత్సాహమని మనం అనుకుంటాం. నీలా ఉంటే చాలదు అన్న మాటే పిల్లవాడికి వినిపిస్తుంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. దేశం మొత్తం మీద 2021లో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13 వేలకు పైనే అని జాతీయ నేర గణాంక సంస్థ లెక్క చెప్పింది. ఒక్కో మరణం వెనుక ఎన్నో కారణాలు ఉంటాయి. ఏ ఇంటినీ నేను వేలెత్తి చూపను. అయితే మార్కులు తగ్గినా ఈ ఇంట్లో తన విలువ తగ్గదని ప్రతి పిల్లవాడికీ ముందే తెలిసి ఉండాలి. ఫలితాల రోజున చెప్పే మాట కాదది, ఏడాది పొడవునా కనిపించాల్సిన నడత. పిల్లలు తిండి మానేసినా, నిద్ర తప్పినా, బతకాలని లేదన్నా తేలిగ్గా తీసుకోకండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ సేవలో శిక్షణ పొందినవాళ్ళు ఖర్చు లేకుండా మాట్లాడతారు.

మెచ్చుకునే తీరు కూడా చూసుకోవాలి. క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ అనే పరిశోధకులు 1998లో ఐదో తరగతి పిల్లల మీద చేసిన పరిశీలన ప్రచురించారు. "నువ్వు తెలివైనవాడివి" అని మెచ్చుకున్న పిల్లల్లో ఎక్కువమంది తర్వాత సులువైన ప్రశ్నలే ఎంచుకున్నారు. కష్టపడ్డందుకు మెచ్చుకున్న పిల్లలు కష్టమైనవి కోరుకున్నారు. "క్లాస్‌ల ఫస్టొచ్చినవ్" అనేదానికంటే "ఆ లెక్క రాకపోయినా మళ్ళీ మళ్ళీ చేసినవ్, నేను చూసిన" అన్న మాట బిడ్డను ముందుకు నడిపిస్తుంది.

ముందు వినాలి

జపాన్ రచయిత్రి టెట్సుకో కురొయనాగి చిన్ననాటి జ్ఞాపకాల పుస్తకం మనకు 'రైలుబడి'గా తెలుగులో దొరుకుతుంది. అల్లరిదని ఒక బడి వెళ్ళగొట్టిన పాపను కొత్త బడి హెడ్మాస్టరు కొబయాషి మొదటి రోజే కూర్చోబెట్టుకొని, ఆమె మాటలు అయిపోయేదాకా నాలుగు గంటలు విన్నారు. మనకు నాలుగు గంటలు దొరకవు. రొట్టెలు చేస్తూ పావుగంట దొరుకుతుంది. ఆ పావుగంటలో సలహా ఇవ్వకుండా, మధ్యలో అందుకోకుండా, ఫోన్ పక్కన పెట్టి వింటే చాలు. పిల్లలకు సంబంధించిన నిర్ణయాల్లో వాళ్ళ అభిప్రాయం వినాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతోంది. మన దేశం 1992లోనే దాన్ని ఒప్పుకుంది.

వినడమంటే అడిగిందల్లా ఇవ్వడం కాదు. పదేళ్ళ పిల్లవాడు బండి నడుపుతానంటే, చదువు మానేస్తానంటే కాదనాల్సిందే. పిల్లల క్షేమం, ఎదుటివాళ్ళ క్షేమం దెబ్బతినే చోట తల్లిదండ్రుల మాటే చెల్లాలి. ఏ చొక్కా వేసుకోవాలి, ఏ ఆట ఆడాలి, ఏ పుస్తకం చదవాలి, ఎవరితో స్నేహం చేయాలి వంటివి చిన్నప్పటి నుంచీ వాళ్ళకు వదిలేస్తూ రావాలి. చిన్న నిర్ణయాలు తీసుకొని, వాటి ఫలితం తానే చూసుకున్న బిడ్డకు పదహారేళ్ళకు పెద్ద నిర్ణయం తీసుకునే బలం వస్తుంది.

ఆ పెద్ద నిర్ణయం ప్రతి వేసవిలో మా మక్తల్ ఇళ్ళకు వస్తూనే ఉంటుంది. పదో తరగతి ఫలితాలు రాగానే హైదరాబాదు హాస్టళ్ళ ఫీజుల మాట మొదలవుతుంది. పైసలు కట్టక ముందు మీ బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకొని ఏం చదవాలనుందో, ఎందుకో అడగండి. పాలిటెక్నిక్ అన్నా, ఐటీఐ అన్నా, వ్యవసాయ డిప్లొమా అన్నా, సంగీతం అన్నా ఆ చదువు చదివినవాళ్ళ దగ్గరికి ఇద్దరూ కలిసి పోయి, కష్టమూ నష్టమూ తెలుసుకొని రండి. మీ భయాలు దాచకుండా చెప్పండి, వాళ్ళవీ వినండి. ఆ తర్వాత బిడ్డ తేల్చుకున్న చదువుకే ఫీజు కట్టండి. తెలియనిది అడిగి తెలుసుకోవడం, ఎదుటివారి మాట గౌరవించడం, ఇచ్చిన మాట మీద నిలబడడం మీ బిడ్డ అప్పుడు మీలోనే చూస్తుంది. ఏ దారిన పోయినా ఆ మూడూ తన వెంట తీసుకుపోతుంది.